ఎలర్జీ పరీక్షలు, మందులు - నా అనుభవం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించినప్పుడు "నేను డాక్టర్ని కాను గదండీ" అన్నాను. "డాక్టర్లను ఏటా పిలుస్తూనే ఉన్నాం. ఈసారి రోగి మాట్లాడాలి" అన్నారు. ఆ అర్హత నాకు పుష్కలంగా ఉంది. తుమ్ముల్లో నాకు నలభై ఏళ్ల సర్వీసు ఉంది. ప్రమోషను మాత్రం రాలేదు.

ముందుగా మన మాటల్లో ఉన్న ఒక చిక్కు మనవి చేస్తాను. "పడదు" అనే ఒక్క మాటతో మనం అన్నీ సరిపెట్టుకుంటాం. పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, పాలు పడవు అంటాం. గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళితే తుమ్ములు వస్తాయి, ఆ ఘాటు పడదు అంటాం. నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో మంట, ఆ మాత్ర పడదు అంటాం. జీడిపప్పు తిన్న పది నిమిషాలకు పిల్లవాడి పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఆయాసం వస్తే అదీ పడకపోవడమే. కాని ఈ నాలుగూ నాలుగు వేరువేరు సంగతులు. మొదటిది సాధారణంగా పాలలోని చక్కెర అరగకపోవడం. రెండోది ఘాటుకు ముక్కు మండడం, అది ఎవరికైనా మండుతుంది. మూడోది మందు చేసే చెరుపు. నాలుగోది ఒక్కటే అసలైన ఎలర్జీ. అంటే ఒంటిని కాపాడవలసిన వ్యవస్థ, ఏ హానీ చేయని వస్తువును శత్రువుగా పొరబడి దాని మీద విరుచుకుపడడం. ఎలర్జీ అన్న పేరును 1906లో వియన్నాలో ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు పెట్టారు. దానికి మూలమైన ఐజిఇ అనే పదార్థం రక్తంలో ఉందని తేలింది 1960ల చివర్లో. ఈ తేడా తెలియకపోవడం వల్ల నేను నష్టపోయాను. నాకంటే ఎక్కువ మా ఇంటావిడ నష్టపోయింది. అది చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. కరణాల ఇళ్లలో తరతరాలుగా ఉన్న అడంగళ్లు, పటాలు, చిట్టాలు గోనెసంచుల్లో మూటగట్టి తాలూకా ఆఫీసుకు చేర్చారు. వాటిని విడదీసి, గ్రామాల వారీగా సర్ది, అలమరల్లో పెట్టే పని నాకు పడింది. ఒక్కొక్క మూట విప్పితే బూజు, చెదల మట్టి, బొద్దింకలు, ఎలుకల రెట్ట. మూతికి తువాలు కట్టుకుని ఆరు నెలలు చేశాను. అప్పుడు పట్టుకున్న తుమ్ములు నన్ను వదలలేదు. పొద్దున్న మంచం దిగగానే పది, పన్నెండు. ముక్కు కారడం, కళ్లు దురద. రోజూ రాత్రి ఒక అవిల్ మాత్ర. దానితో తుమ్ములు తగ్గేవి గాని మర్నాడు మధ్యాహ్నం దాకా మత్తు. నా సీటులో తపాలు పేరుకుపోవడానికి ఆ మాత్ర కూడా ఒక కారణమని ఇప్పుడు చెప్పినా మా సిరస్తాదారుగారు నమ్మరు.

2008లో రిటైరయ్యాను. రికార్డు రూము వదిలినా తుమ్ములు వదలలేదు. 2017 నుండి పొడిదగ్గు కూడా తోడయింది. 2018లో ఒక పరీక్షా కేంద్రం వారు మా కాలనీలో శిబిరం పెట్టారు. "ఒక్కసారి రక్తం ఇస్తే చాలు, రెండు వందల పైచిలుకు ఆహార పదార్థాల్లో మీకు ఏది పడదో చెప్పేస్తాం" అన్నారు. ఎనిమిది వేల రూపాయలు కట్టాను. పది రోజులకు రంగుల చార్టు వచ్చింది. చాలా అందంగా ఉంది. పచ్చరంగులో ఉన్నవి తినవచ్చు, పసుపురంగువి తగ్గించాలి, ఎర్రరంగువి మానాలి. ఎర్రగడిలో నావి ముప్పైఒకటి. ఆవుపాలు, పెరుగు, గుడ్డు, గోధుమ, కందిపప్పు, వేరుశనగ, టమాటా, వంకాయ, అరటిపండు... చదువుతుంటే మా వంటింటి సామాన్ల చీటీ చదువుతున్నట్టుంది.

మనం కాగితానికి లోబడే మనుషులం. సంతకం, ముద్ర, నంబరు ఉన్న కాగితం వస్తే అమలు చేయడమే తెలుసు. అమలు చేశాను. పదకొండు నెలలు. అన్నం, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, మళ్లీ అన్నం. అరవై ఎనిమిది కిలోలు ఉండేవాడిని యాభై తొమ్మిదికి వచ్చాను. పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నాను. తుమ్ములు మాత్రం రోజూ పొద్దున్నే హాజరు. అయినా "ఇంకా ఏదో పొరపాటున తింటున్నాను" అనుకున్నానే గాని, చార్టు తప్పేమోనని ఒక్కరోజు అనుకోలేదు.

మా ఆవిడకు ఏ తుమ్ములూ లేవు. అయినా నాతో పాటు ఆవిడా మానేసింది. "మీరు ఒట్టి అన్నం తింటుంటే నేను పెరుగు పోసుకుని ఎలా తినను?" అంది. ఇంట్లో పాలు పోయించుకోవడమే మాన్పించింది. పదో నెలలో బాత్‌రూములో జారిపడి ఆవిడ ముంజేయి విరిగింది. కట్టుకట్టిన డాక్టరు ఎముకలు గుల్లగా ఉన్నాయని చెప్పి, "పాలు, పెరుగు తీసుకుంటున్నారా అమ్మా?" అని అడిగారు. ఆవిడ జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. తిండి వల్లనే చెయ్యి విరిగిందని ఆ డాక్టరు అనలేదు, నేనూ అనను. ఆ వయసులో ఎముకలు గుల్లబారడం ఒక్క ఏడాదిలో జరిగే పని కాదట. కాని ఆ చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే.

ఆ ఆస్పత్రిలోనే మాకు ఒక అమ్మాయి కనబడింది. మా పాత ఆఫీసులో అటెండరుగా చేసిన ఆయన కూతురు. ఎలర్జీ వైద్యంలో పైచదువు చదివి వచ్చింది. "ఏం బాబాయిగారూ, ఇలా అయిపోయారు?" అంది. చార్టు ఇచ్చాను. రెండు నిమిషాలు చూసి మడిచి నా చేతికే ఇచ్చి, "ఇది పక్కన పెట్టండి. మొదటినుంచీ చెప్పండి" అంది.

ఇరవై అయిదు నిమిషాలు అడిగింది. తుమ్ములు ఏ వేళలో వస్తాయి? ఏ గదిలో? ఊరు వెళ్లినప్పుడు తగ్గుతాయా? ఏ నెలల్లో ఎక్కువ? తిన్న ఎన్ని నిమిషాలకు ఏం జరిగింది? ఎప్పుడైనా పెదవి వాచిందా, దద్దుర్లు లేచాయా? పరుపు ఎన్నాళ్లది? ఏం ఉద్యోగం చేశారు? ఏయే మాత్రలు వాడుతున్నారు, ఎప్పటి నుండి? నేను జవాబులు చెబుతూ చెబుతూ ఒకటి గమనించాను. నా అరవై ఎనిమిదేళ్ల జీవితంలో ఏ వస్తువైనా తిని నాకు ఏదైనా జరిగిన రోజు ఒక్కటి కూడా లేదు.

అప్పుడు నాకు మన ఆఫీసు గుర్తొచ్చింది. కొత్త తపాలు వస్తే, పాత కాగితాలు జతచేయకుండా ఏ గుమస్తా అయినా ఫైలు పైకి పంపితే ఆఫీసరు ఏమనేవారు? "పాత కాగితాలతో సమర్పించుము" అని రాసి వెనక్కి కొట్టేవారు. నేను పాత కాగితాలు చూడకుండా ఒక్క రిపోర్టు మీద ఉత్తర్వులు జారీ చేసి పదకొండు నెలలు అమలు చేశాను.

ఆ అమ్మాయి చెప్పినది నాకు అర్థమైనంతలో చెబుతాను. రక్తంలో ఐజిఇ అని ఒకటి, ఐజిజి అని ఒకటి ఉంటాయి. ఎలర్జీకి సంబంధించినది ఐజిఇ. నా చార్టులో చూసింది ఐజిజి. మనం ఒక పదార్థాన్ని తరచు తింటున్నామని తెలపడమే అది చేసే పని. రోజూ పప్పు, పెరుగు తినే మనిషికి పప్పు, పెరుగు ఎర్రగడిలో రాక ఏం వస్తాయి? ఆహార ఎలర్జీ తేల్చడానికి ఈ పరీక్ష పనికిరాదని ఐరోపా ఎలర్జీ వైద్యుల సంఘం 2008లోనే ప్రకటించింది. అమెరికా, కెనడా వైద్య సంఘాలూ అదే మాట చెప్పాయి. నేను రక్తం ఇచ్చే నాటికి పదేళ్ల పాత సంగతి అది.

పోనీ ఐజిఇ పరీక్ష చేయిస్తే సరిపోతుందా అంటే, అదీ ఒంటరిగా చాలదు. ఐజిఇ కనబడినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. ఎంతోమందికి పరీక్షలో వస్తుంది, తింటే ఏమీ కాదు. మొత్తం ఐజిఇ ఎంతుందని చూస్తారు చూడండి, అది కడుపులో పురుగులున్నా పెరుగుతుంది. అందుచేత రోగి చెప్పిన కథలో ఏ వస్తువు మీద అనుమానం ఉందో దానికి మాత్రమే పరీక్ష చేయాలి. అనుమానం లేనివాటికి చేస్తే లేని జబ్బులు కాగితం మీద పుడతాయి.

నాకు చర్మం మీద గుచ్చే పరీక్ష చేస్తానంది. ముంజేతి లోపలి వైపు చుక్కలు వేసి, చిన్న మొనతో ఆ చుక్క మీద తాకించి, పదిహేను, ఇరవై నిమిషాల తరవాత ఉబ్బు కొలుస్తారు. రక్తం రాదు, దోమ కుట్టినంత. ఇందులో రెండు చుక్కలు ముఖ్యం. ఒకటి ఉప్పునీరు, అది ఉబ్బకూడదు. రెండోది హిస్టమిన్, అది అందరికీ ఉబ్బి తీరాలి. నా చేతి మీద హిస్టమిన్ చుక్క ఉబ్బలేదు. "నిన్న ఏమైనా మాత్ర వేసుకున్నారా?" అంది. సెట్రిజిన్ వేసుకున్నానన్నాను. వారం రోజుల ముందే ఆపమని చీటీలో రాసిచ్చిందట, నేను చదవలేదు. గుమస్తాగా బతికినవాడు చీటీ చదవలేదంటే నవ్వుతారు, నవ్వండి. పరీక్ష రద్దుచేసి పదిరోజుల తరవాత రమ్మంది. ఆ రెండు చుక్కలు వేయకుండా పరీక్ష చేశారంటే ఆ ఫలితాన్ని నమ్మవద్దని అప్పుడు తెలిసింది.

మన వయసువారికి ఇక్కడ ఒక జాగ్రత్త. బి.పి.కి, గుండెకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారు ఆ సంగతి పరీక్షకు ముందే చెప్పాలి. ఎప్పుడో అరుదుగా పరీక్షలోనే ఎలర్జీ విజృంభిస్తే, ఆ మాత్రల మీద ఉన్నవారికి విరుగుడు ఇంజెక్షను సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని మాత్రలు మనంతట మనం ఆపకూడదు. ఆయాసం ఎక్కువగా ఉన్న రోజున ఈ పరీక్ష చేయరు. చర్మవ్యాధి ఉన్నవారికి, మాత్రలు ఆపలేనివారికి రక్తంలో ఐజిఇ చూస్తారు. దానికి మాత్రలు ఆపనక్కరలేదు.

రెండోసారి ఎనిమిది వస్తువులకే చేసింది. "ఆహారాలకు కూడా చెయ్యమ్మా, డబ్బు కడతాను" అన్నాను. "ఏది తిన్న రోజు ఏం జరిగిందో ఒక్కటి చెప్పండి బాబాయిగారూ, దానికి తప్పక చేస్తాను" అంది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫలితం: ఇంటి దుమ్ములో బతికే మైట్ అనే పురుగుకు ఏడు మిల్లీమీటర్ల ఉబ్బు, బొద్దింకకు నాలుగు. ఉప్పునీటి కంటే మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే ఉన్నట్టు లెక్క. మిగతావి లేవు.

ఈ మైట్ కంటికి కనబడదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతుంది. మన కోస్తాలో ఉండే ఉక్క, తేమ దానికి చాలా ఇష్టం. దాని రెట్ట దుమ్ములో కలిసి ముక్కులోకి పోతుంది. నేను పొద్దున్న మంచం దిగగానే ఎందుకు తుమ్ముతానో అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ల కిందటి బూరుగుదూది పరుపు మీద పడుకుని నేను వంకాయను అనుమానించాను.

పొడిదగ్గు సంగతి ఇంకా విచిత్రం. అది ఎలర్జీయే కాదు. 2016 నుండి నేను బి.పి.కి వాడుతున్న రామిప్రిల్ మాత్ర వల్ల వచ్చినది. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకం మాత్రలు కొందరికి ఆగని పొడిదగ్గు తెస్తాయి. మరికొందరికి దురద లేకుండా పెదవి, నాలుక వాస్తాయి. మాత్ర మొదలుపెట్టిన ఏళ్ల తరవాత కూడా అలా జరగవచ్చు, అది ప్రమాదం. మా బి.పి. డాక్టరుగారితో మాట్లాడి మందు మార్పించింది. నెలలోపు దగ్గు పోయింది. ఈ హాలులో ఎంతమంది ఈ మాత్రలు వేసుకుని దగ్గు టానిక్కులు తాగుతున్నారో, ఇంటికి వెళ్లి ఒకసారి చీటీ చూసుకోండి.

ఇక మందులు. పరుపుకు, దిండ్లకు జిప్పు ఉన్న దట్టమైన గలీబులు తొడిగించింది. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకమంది. అది ఒక్కటే చాలదు కనుక ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే ఇచ్చింది. స్టిరాయిడ్ అన్న మాటకు నేను జంకాను. ముక్కులో కొట్టేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో ఉండేది మిల్లీగ్రాముల్లో, అంటే వెయ్యింతల లెక్క అని చెప్పింది. స్ప్రేను ముక్కు మధ్య గోడ మీదికి కాకుండా బయటి వైపుకు కొట్టాలి. కుడి ముక్కుకు ఎడమచేయి, ఎడమ ముక్కుకు కుడిచేయి వాడితే అదే సర్దుకుంటుంది. రోజూ కొట్టాలి. మొదటి నాలుగు రోజులు ఏమీ తేడా లేదని మానెయ్యబోయాను, మా ఆవిడ మాననివ్వలేదు. రెండు వారాలకు ముక్కు తెరుచుకుంది. ముక్కుదిబ్బడకు షాపులో దొరికే చుక్కలు వేరు. వాటిని మూడు నాలుగు రోజులకు మించి వాడితే దిబ్బడ మరింత పెరిగి, చుక్కలు లేనిదే గడవని స్థితి వస్తుంది.

అవిల్ వంటి పాత మాత్రలు మన వయసుకు మంచివి కావు. మత్తుతో పడిపోతాం. ప్రోస్టేటు ఉన్నవారికి మూత్రం బిగుస్తుంది. మతిమరుపు ఎక్కువవుతుంది. ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ వంటివాటికి మత్తు బాగా తక్కువ. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మనవాళ్లు చిల్లరగా కొనుక్కుని నెలల తరబడి వేసుకుంటున్నారు. కొందరికి దాని వల్ల పీడకలలు, దిగులు, మనసు చెదరడం వస్తాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టింది.

ఎలర్జీని మూలంలోంచి తగ్గించే టీకాల పద్ధతి కూడా ఉంది. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ అనే ఆయన మొదలుపెట్టారు. పడని వస్తువునే కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం. మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఇంజెక్షను తరవాత అరగంట అక్కడే కూర్చోబెట్టే చోటనే చేయించుకోవాలి. నేను అడిగితే, "స్ప్రేతో అదుపులో ఉన్న మీకు ఈ వయసులో అక్కరలేదు. చదువుకునే పిల్లలకు, తేనెటీగ కుడితే ప్రాణం మీదికి వచ్చేవారికి ఉపయోగం" అంది. ఇరవై వస్తువులకు కలిపి ఒకే సీసాలో టీకా ఇస్తామనే వారి దగ్గర మాత్రం ఆలోచించి అడుగు వేయండి.

ఆస్తమా ఉన్నవారికి ఒక మాట. మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేపప్రసాదానికి మీలో చాలామంది వెళ్లి ఉంటారు, నేనూ ఆ వరుసలో నిలబడ్డవాడినే. నమ్మకం మీద నాకు తగువు లేదు. వచ్చాక ఇన్‌హేలరు ఆపవద్దు, అంతే. "పంపు అలవాటవుతుంది" అంటారు, అలవాటు కాదు, అవసరం. పేరు, కంపెనీ లేని పొట్లాల మందుతో ఆయాసం ఒక్క రోజులో మాయమైతే సంతోషించకండి, అందులో స్టిరాయిడ్ కలిపి ఉండవచ్చు. మా అన్నగారు ఏడేళ్లు అటువంటి పొట్లాలు వాడారు. షుగరు వచ్చింది, వెన్నుపూస నొక్కుకుపోయింది. వాడుతున్నవారు హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలి.

ఇదంతా విని ఆహార ఎలర్జీ అనేదే లేదని అనుకోకండి. ఒక గృహప్రవేశంలో మా మిత్రుడి మనవరాలు, అయిదేళ్ల పిల్ల, జీడిపప్పు పాకం తిన్న పది నిమిషాలకు వాంతి చేసుకుని, పెదవులు వాచి, గొంతు బొంగురుపోయి తల వాల్చేసింది. పెద్దలందరం ఉండి మంచినీళ్లు, విభూతి అంటూ పావుగంట పోగొట్టాం. 108 వచ్చి తొడకు ఎడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చాక పిల్ల కళ్లు తెరిచింది. ఆ స్థితిలో మొదటి మందు అదే. అవిల్ ఇంజెక్షను దానికి బదులు కాదు. పిల్లను కూర్చోబెట్టడం, నిలబెట్టడం చేయకూడదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరి అందకపోతే మాత్రం కూర్చోనివ్వాలి. తరవాత ఆ పిల్లకు జీడిపప్పుకూ, దానికి దగ్గరి పిస్తాకూ ఐజిఇ పరీక్ష చేశారు, రెండూ వచ్చాయి, మానేశారు. అక్కడ పరీక్ష న్యాయమైన పని చేసింది. ఎందుకంటే అక్కడ జరిగిన సంగతి ముందు ఉంది, పరీక్ష దాని వెనక వచ్చింది. ఇటువంటివారు "మళ్లీ ఒకసారి తిని చూద్దాం" అని ఇంట్లో ప్రయత్నించకూడదు. ఆస్పత్రిలో, డాక్టరు ఎదుట మాత్రమే.

నా సంగతి వేరు కనుక ఆ అమ్మాయి నన్ను ఇంట్లోనే తినమంది. మొదటిరోజు గరిటెడు పెరుగు. పదకొండు నెలల తరవాత. మా ఆవిడ కట్టు ఉన్న చేత్తో కాకుండా ఎడమచేత్తో వడ్డించింది. నేను రెండు ముద్దలు తిన్నాక తనూ పోసుకుంది. ఆ చార్టు ఇంకా మా బీరువాలో ఉంది. పారేస్తానంటే ఆవిడ ఒప్పుకోదు, "ఉండనివ్వండి, శాశ్వతంగా భద్రపరచవలసిన కాగితం" అంటుంది.

నాకిచ్చిన పావుగంట ఎప్పుడో దాటింది. అధ్యక్షులవారు గడియారం చూశారు, నేను చూశాను. అటు పక్క భోజనాలు వడ్డిస్తున్నారు, గుత్తివంకాయ ఉన్నట్టుంది. ప్రశ్నలుంటే పంక్తిలో నా పక్కన కూర్చోండి, చెబుతాను.